తోడు వెయ్యని పాలు

పెరుగు కావాలంటే పెరుగు వుండాలి. ఈ సత్యం కొత్తగా కాపరం పెట్టిన అమ్మాయికి మొదటి రోజు రాత్రే బోధపడుతుంది. గిన్నె వుంది. పాలున్నాయి. కాగి, గోరువెచ్చగా చల్లారాయి కూడా. తీరా చూస్తే తోడు లేదు! అప్పుడు గరిటె పట్టుకుని పక్కింటి పిన్నిగారి తలుపు తట్టాలి. మరి ఆ పిన్నిగారికి తోడెవరిచ్చారు? వాళ్ళ అత్తగారు. ఆ అత్తగారికి? ఇలా అడుక్కుంటూ పోతే, లోకంలో మొట్టమొదటి పెరుగుకి తోడెవరేశారన్న చిక్కు ప్రశ్న దగ్గర ఆగిపోతాం.

సరిగ్గా ఇదే చిక్కు కంప్యూటరుకీ వుంది. ఏమిటీ, పెరుగెక్కడ, కంప్యూటరెక్కడ అంటారా? కాస్త ఓపిక పట్టండి.

ఇంట్లో కంప్యూటరు నత్తనడక నడుస్తోందని, పాత డిస్కు తీయించి కొత్తది, వేగమైనది పెట్టిస్తాం. పాత డిస్కులో వున్నదంతా పొల్లు పోకుండా కొత్తదాంట్లోకి నకలు తీయిస్తాం. అమ్మాయి పెళ్ళి ఫోటోలు, పిల్లాడి మార్కుల కాగితాలు, ఇంటిపన్ను రసీదులు, కాలం చేసిన మామగారు మనవరాలితో మాట్లాడుతుంటే పట్టి దాచుకున్న నాలుగు నిమిషాల గొంతు – అన్నీ కొత్తింటికి చేరాయి. ఇక శుభమా అని బటన్ నొక్కితే, నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం: "నో బూటబుల్ డివైస్". అంతే. ఉలుకూ పలుకూ లేదు.

ఆ వాక్యం చదవగానే గుండె జారిపోతుంది. అంతా పోయిందనిపిస్తుంది. ఆ కంగారులోనే జరగకూడనివి జరుగుతుంటాయి. కానీ ఆ వాక్యానికి అర్థం "పోయింది" అని కాదు, "దొరకలేదు" అని. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో తెలియాలంటే, అసలు కంప్యూటరు పొద్దున్నే నిద్ర ఎలా లేస్తుందో, ఆ లేవడం దానికెవరు నేర్పారో తెలుసుకోవాలి. అదో డెబ్భై ఎనభై ఏళ్ళ కథ.

ముందు ఆ "బూట్" అన్న మాట సంగతి చూద్దాం. కాలికి తొడుక్కునే బూటే అది. పాతకాలపు పొడుగు బూట్లకి, పట్టి పైకి లాక్కోవడానికి వెనకాల ఒక పట్టీ వుండేది. దాన్ని బూట్‌స్ట్రాప్ అంటారు. తన బూటు పట్టీలు తానే పట్టుకుని తనను తాను గాల్లోకి లేపుకోవడం అని ఇంగ్లీషులో ఒక సామెత. జరగని పని అని వెక్కిరించడానికి వాడేవారు. మన వాళ్ళు తన భుజం తానెక్కడం అంటారే, అలాంటిదన్నమాట. 1950ల్లో కంప్యూటరు ఇంజనీర్లు ఆ మాట అరువు తెచ్చుకున్నారు. వాడగా వాడగా పట్టీ ఊడిపోయి, ఒట్టి బూటు మిగిలింది.

జరగని పని అని ఎందుకనుకున్నారు? కంప్యూటరు ఏ పని చెయ్యాలన్నా దానికి ప్రోగ్రాం అనే సూచనల పట్టిక కావాలి. ఆ పట్టిక దాని మెదడులో, అంటే మెమరీలో, వుండాలి. కానీ కరెంటు తీసేయగానే ఆ మెమరీ కాస్తా పలక తుడిచినట్టు తుడుచుకుపోతుంది. పొద్దున్నే లేచేసరికి దానికి తన పేరు కూడా గుర్తుండదు. పోనీ డిస్కులోంచి చదువుకోమందామా అంటే, డిస్కు చదవడం ఎలాగో చెప్పే సూచనలు కూడా ఆ డిస్కులోనే వున్నాయి! పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు.

మొదటి తరం యంత్రాలకి ఈ బాధ లేదు. ఎందుకంటే వాటికి ఆడవాళ్ళున్నారు! నవ్వకండి, చరిత్రే. 1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే బ్రహ్మాండమైన యంత్రాన్ని లోకానికి చూపించారు. దాదాపు 18 వేల వాక్యూం ట్యూబులు, ఒక పెద్ద గది నిండా బీరువాలు. దానికి లెక్క ఇవ్వాలంటే తీగలు ఒకచోట పీకి ఇంకోచోట గుచ్చాలి, వందలాది స్విచ్చిలు తిప్పాలి. లెక్క మారిస్తే మళ్ళీ మొదటినుంచీ అదే పని. ఒక్కోసారి రోజులు పట్టేది. ఆ పని చేసింది ఆరుగురు అమ్మాయిలు: కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. పటాలు ముందేసుకుని యంత్రం గుట్టు పసిగట్టిన తెలివైన వాళ్ళు. ఆవిష్కరణ నాడు పేరంతా యంత్రం కట్టిన మగవాళ్ళకి దక్కింది. ఈ ఆరుగురి పేర్లు పైకి రావడానికి ఆ సభ తర్వాత మరో యాభై ఏళ్ళు పట్టిందంటే మీరు నమ్మాలి. 1997లో గానీ వాళ్ళకి తగిన గౌరవం జరగలేదు. వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది అంటే ఇదే కాబోలు.

తరువాతి మెట్టు ఇంగ్లండులో. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ అనే ఆచార్యుడి ఆధ్వర్యంలో ఎడ్‌సాక్ అనే యంత్రం తయారైంది. 1949 మే 6న అది మొదటి లెక్క చేసింది. దీనికి తీగలు పీకి గుచ్చే పని లేదు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ప్రోగ్రాం రాసిస్తే చదువుకుంటుంది. బాగానే వుంది. మరి ఆ పట్టీ చదవడం దానికెవరు నేర్పాలి?

ఆ ముడి విప్పినవాడు డేవిడ్ వీలర్ అనే పరిశోధక విద్యార్థి. అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రాడు. సరిగ్గా 31 సూచనలు రాశాడు. "పట్టీ ఇలా చదువు, చదివింది ఇక్కడ పెట్టుకో, అయ్యాక అక్కడికి వెళ్ళు" – ఇంతే వాటి సారాంశం. వాటిని మెమరీలో కాకుండా, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే తిరుగుడు స్విచ్చిలకి శాశ్వతంగా తీగలతో కట్టేశారు. కరెంటు పోయినా అవి పోవు. స్టార్ట్ బటన్ నొక్కగానే ఆ 31 సూచనలూ మెమరీలోకి దిగి, మిగతా దానికి దారి చూపిస్తాయి. ఇదీ లోకంలో మొదటి తోడు. ఒక చెంచాడు. గిన్నెడు పాలకి అంతకంటే అక్కర్లేదు.

కానీ అన్ని యంత్రాలకీ ఇలాంటి భాగ్యం కలగలేదు. తర్వాత పాతికేళ్ళపాటు చాలా చిన్న కంప్యూటర్లకి తోడు చేత్తోనే వెయ్యాల్సి వచ్చేది. తోడు లేనప్పుడు మన పెద్దవాళ్ళు పాలల్లో ఎండుమిరపకాయ తొడిమలు వేసి పెరుగు చేసేవారు చూడండి, అలాంటి నాటు పద్ధతి. యంత్రం ముందు భాగాన వరసగా స్విచ్చిలుండేవి. పైకంటే ఒకటి, కిందకంటే సున్న. ఒక్కో సూచనకీ స్విచ్చిలన్నీ సరిగా పెట్టి, "దాచుకో" అని ఒక నొక్కు నొక్కాలి. ఇలా పదులకొద్దీ సూచనలు. మధ్యలో ఒక్కటి తప్పితే గోవిందా!

ఈ చేతి తోడు చరిత్రలో ఒక సరదా సంఘటన వుంది. 1975 జనవరిలో ఆల్టేర్ 8800 అనే చిన్న కంప్యూటరు బొమ్మ ఒక అమెరికన్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. అది చూసి బిల్ గేట్స్, పాల్ అలెన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు దానికోసం బేసిక్ భాష తయారుచేశారు. అసలు యంత్రాన్ని కళ్ళతో చూడకుండానే! దాన్ని చూపించడానికి అలెన్ విమానమెక్కి ఆల్బుకర్కీ ఊరికి బయల్దేరాడు. విమానం దిగే వేళకి అతనికి చటుక్కున గుర్తొచ్చింది – అన్నీ తెచ్చాం గానీ, కాగితపు పట్టీ చదవడమెలాగో యంత్రానికి చెప్పే ఆ చిన్న ముక్క రాయనే లేదు! సీట్లో కూర్చునే కాగితం మీద గబగబా రాసుకున్నాడు. మర్నాడు ఆ సూచనల్ని స్విచ్చిలతో ఒక్కొక్కటే ఎక్కించాడు. యంత్రం పలికింది. తరవాత ఆ ఇద్దరూ పెట్టిన కంపెనీయే మైక్రోసాఫ్ట్. పెళ్ళివారంతా తరలివచ్చాక మంగళసూత్రం మరిచిపోయామని గుర్తుకొచ్చినట్టు లేదూ?

ఆ రోజుల్లో మన దగ్గరా కంప్యూటర్లు తయారయ్యాయి. హైదరాబాదులో 1967లో పుట్టిన ఈసీఐఎల్ సంస్థ టీడీసీ పేరుతో కంప్యూటర్లు చేసింది. టీ అంటే ట్రాంబే, బొంబాయి పక్కన అణుశక్తి కేంద్రం వున్న ఊరు. కానీ అవన్నీ ఆఫీసులకీ ప్రయోగశాలలకీ పరిమితం. వాటిని నిద్ర లేపడానికి చదువుకున్న మనుషులుండేవారు. కంప్యూటరు ఇళ్ళల్లోకి రావాలంటే, బటన్ నొక్కడం తప్ప ఇంకేమీ తెలియని మనిషి చేతిలోనూ అది లేవాలి కదా!

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. సంస్థ పర్సనల్ కంప్యూటర్ విడుదల చేసింది. అందులో తోడుని ఒక చెరిగిపోని చిప్పులో పెట్టి, లోపలి బోర్డుకే బిగించేశారు. దాని పేరు బయాస్. బటన్ నొక్కగానే బయాస్ లేచి, అన్ని భాగాలూ బాగున్నాయా అని ఒకసారి ఇల్లంతా చుట్టి వస్తుంది. తర్వాత డిస్కు తలుపు తడుతుంది.

డిస్కు ఏ గదిలో ఏముందో బయాస్‌కి తెలియదు. దానికి తెలిసింది ఒకటే: డిస్కులో మొట్టమొదటి ముక్క చదవడం. 1983లో 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు ఈ ఏర్పాటు స్థిరపడింది. 10 మెగాబైట్లంటే ఇవాళ సెల్‌ఫోన్లో తీసిన రెండు మూడు ఫోటోలు! ఆ మొదటి ముక్క కొలత 512 బైట్లు. అందులో 446 బైట్లు సూచనలు, 64 బైట్లు ఏ గది ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక, చివరి రెండు బైట్లు రాజముద్ర. ఆ ముద్ర లేకపోతే బయాస్ లోపలికి అడుగు పెట్టదు. బయాస్ ఈ ముక్కకి పగ్గాలప్పగిస్తుంది, ఈ ముక్క తరవాతి వాడికి, వాడు విండోస్‌కి. ఎవరికీ అంతా తెలియదు. ప్రతివాడికీ తన తరవాతివాడి చిరునామా ఒక్కటే తెలుసు.

ఆ 64 బైట్ల పట్టికలో నాలుగు గదులకే చోటు. రెండు టెరాబైట్లు దాటిన డిస్కుని అది లెక్కపెట్టలేదు. డిస్కులు పెరిగాయి గానీ పట్టిక పెరగలేదు. అందుకని ఇంటెల్ సంస్థ మొదలుపెట్టిన కొత్త పద్ధతిని 2005లో ఏర్పడిన ఒక ఉమ్మడి సంఘం చేపట్టింది. దాని పేరు యు.ఇ.ఎఫ్.ఐ. ఇందులో మొదటి ముక్క గొడవ లేదు. డిస్కులో తోడు కోసమే ఒక చిన్న గది వుంటుంది. ఏ డిస్కులో, ఏ గదిలో, ఏ ఫైలు పట్టుకోవాలో యంత్రం తన బోర్డు మీదే రాసి దాచుకుంటుంది. ఒక్కో గదికీ ఒక పొడుగాటి గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్యతోనే వెతుక్కుంటుంది.

ఇప్పుడు మన కొత్త డిస్కు దగ్గరికొద్దాం. పాలన్నీ కొత్త గిన్నెలోకి వొంపారు. తోడు పాత గిన్నెలోనే వుండిపోయింది. లేదా తోడూ వచ్చింది గానీ, యంత్రం పాత చిరునామా పట్టుకుని తిరుగుతోంది. ఉత్తరం రాలేదంటే మనిషి లేడని కాదు కదా, ఇల్లు మారాడని పోస్టుమాన్‌కి తెలియదంతే. కాబట్టి గొలుసులో ఏ లంకె తెగిందో చూసుకోవాలి. అది యంత్రమే చెబుతుంది, మనం వినాలి గానీ.

మొదటిది. యంత్రం లేవగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే సెట్టింగుల తెర వస్తుంది. ఏ మీటో కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ కొత్త డిస్కు పేరే కనిపించకపోతే, లోపల సరిగా గుచ్చుకోలేదన్నమాట. కొన్ని బోర్డుల మీది గాడి ఒక జాతి డిస్కునే ఒప్పుకుంటుంది కూడా.

రెండోది. పేరు కనిపిస్తోంది, అయినా "బూటబుల్ డివైస్ లేదు" అంటోంది. అప్పుడు మూడు చూడాలి. బూట్ వరసలో కొత్త డిస్కు ముందుందా? పాత డిస్కు బయాస్ పద్ధతిదై, యంత్రం కొత్త పద్ధతికి మారి వుందా, లేక తిరగేసి వుందా? పాతదాంట్లోంచి సీ గది ఒక్కటే నకలు తీసి, తోడున్న చిన్న గదిని వదిలేశారా? చాలా ఇళ్ళల్లో జరిగేది ఈ మూడోదే. "ఇంత చిన్న గదిలో ఏముంటుందిలే" అని వదిలేస్తారు. పాత డిస్కు భద్రంగా వుంటే, ఈసారి గదులన్నిటితో సహా డిస్కు మొత్తాన్ని మళ్ళీ నకలు తీయించడం అన్నిటికంటే సులువు. చిన్న గది వుండి, అందులో సరుకు మాత్రమే చెడితే, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవుతో లేపి, రిపేరు తెరలో స్టార్టప్ రిపేర్ నడపొచ్చు. అది లొంగకపోతే బీసీడీబూట్ అనే ఆజ్ఞ వుంది. విండోస్ ఏ గదిలో వుందో చెబితే కొత్త తోడు తయారుచేసి పెడుతుంది. అయితే ఆ రిపేరు తెరలో సీ అన్న అక్షరం ఇంకో గదికి తగిలించి వుండొచ్చు. గదిలోకి తొంగిచూసి, విండోస్ అందులోనే వుందని తేల్చుకున్నాకే ఆజ్ఞ ఇవ్వాలి.

మూడోది. విండోస్ గుర్తు కనిపించి, తరవాత నీలి తెర వచ్చి "ఇన్ఆక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. ఇది ఒక రకంగా శుభవార్త. తోడు పనిచేసింది, విండోస్ లేచింది. లేచాక, కొత్త జాతి డిస్కుతో మాట్లాడే భాష దానికి గుర్తు రాలేదు. ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపితే చాలాసార్లు ఆ భాష పట్టుబడుతుంది.

నాలుగోది. 48 అంకెల తాళం సంఖ్య అడుగుతుంది. అది బిట్‌లాకర్ అనే కాపలావాడి పని. ఇది మాత్రం ముందే చూసుకోవాలి. ఆ సంఖ్య ఎక్కడుందో తెలియకుండా డిస్కు జోలికి వెళ్ళకూడదు. ఆ సంఖ్య లేకపోతే ఎంత పెద్ద మెకానిక్ అయినా తలుపు తీయలేడు.

మాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో ఇలాగే అయింది. ఆ నల్ల తెర చూసి కుర్ర మెకానిక్ పెదవి విరిచాడు. "డేటా అంతా పోయినట్టేనాంటీ. ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేసేస్తా, అరగంటలో అయిపోతుంది."

ఆవిడకి కంప్యూటరు గురించి పెద్దగా తెలియదు. కానీ ముప్ఫై ఏళ్ళు కాపరం చేసిన మనిషి. "పోయిందని నువ్వు చూశావా బాబూ, అనుకుంటున్నావా?" అని అడిగింది.

"చూడ్డానికేముందాంటీ, బూటే అవట్లేదుగా!"

"బూటవకపోతే లోపల లేదనా? మా తాతగారి భోషాణం తాళంచెవి పోతే భోషాణం తగలబెట్టలేదు నాయనా. ముందు దీన్ని ఇంకో కంప్యూటరుకి తగిలించి చూపించు."

ఆ అబ్బాయి నసుగుతూనే తగిలించాడు. ఫోటోలన్నీ నిక్షేపంగా వున్నాయి. రానిదల్లా ఆ చిన్న గది. సాయంత్రానికల్లా కంప్యూటరు లేచి కూర్చుంది. ఆవిడ అడ్డుపడకపోతే, అరగంటలో నిజంగానే అంతా పోయేది.

అందుకే ఈ నాలుగు మాటలూ ఒక కాగితం మీద రాసి కంప్యూటరు బల్లకి అంటించుకోండి. కొత్త డిస్కు పని మొదలుపెట్టక ముందే ముఖ్యమైన ఫోటోలూ కాగితాలూ మరోచోట ఒక ప్రతి వుంచుకోవాలి. నకలు తీశాక మొదటిసారి లేపేటప్పుడు పాత డిస్కుని విప్పి పక్కన పెట్టాలి. ఒకే గుర్తింపు వున్న ఇద్దరు కవలలు ఎదురెదురుగా వుంటే విండోస్ తికమకపడి ఒకరిని బయట నిలబెడుతుంది. కొత్తది కొన్ని వారాలు సవ్యంగా నడిచేదాకా పాతదాన్ని చెరపకూడదు. "ఇనిషియలైజ్ చెయ్యనా, ఫార్మాట్ చెయ్యనా" అని తెర ఎంత మర్యాదగా అడిగినా, లోపల ఏముందో తేలేదాకా "వద్దు" అనే చెప్పాలి.

డేవిడ్ వీలర్ 31 సూచనలు రాసినప్పుడు ఆయన యంత్రం ఒక గది నిండా వుండేది. ఇవాళ్టి డిస్కు ఒక అగరొత్తుల పెట్టెలో పట్టేస్తుంది, అందులో కొన్ని లక్షల ఫోటోలు పడతాయి. అయినా అన్నిటికంటే ముందు లేవాల్సింది ఆ చెంచాడు తోడే. అది దొరకనప్పుడు వెతకాలి గానీ, పాలు పారబోసుకోకూడదు.